ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నేచురల్ హిస్టరీ మ్యూజియం తొందరపడకుండా చూడటం ఎలా: సమగ్ర మార్గదర్శి

లండన్‌లోని పెద్ద నేచురల్ హిస్టరీ మ్యూజియం ఒకసారి చూసేసినవాళ్ళు ఆక్స్‌ఫర్డ్ వచ్చినప్పుడు ఈ యూనివర్సిటీ మ్యూజియాన్ని చాలావరకు వదిలేస్తారు. లేదంటే కాలేజీలన్నీ తిరిగాక రైలుకి ఇంకో గంట ఉందని గబగబా దూరి, టి. రెక్స్ ముందు నాలుగు ఫోటోలు దిగి బయటపడతారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే శాస్త్రం మొట్టమొదట పేరు పెట్టిన డైనోసార్ ఎముక ఇక్కడే ఉంది, డోడో పక్షి చర్మం, కండ అంటూ ప్రపంచంలో మిగిలింది ఇక్కడే ఉంది, డార్విన్ మాట నిజమా కాదా అని బిషప్‌కీ శాస్త్రవేత్తకీ గొడవ జరిగింది ఈ భవనంలోనే.

హాలు మరీ పెద్దదేం కాదు. ఆగకుండా నడిస్తే అరగంటలో చుట్టేయొచ్చు, అందుకే చాలామందికి "ఇంతేనా" అనిపిస్తుంది. యూనివర్సిటీ మ్యూజియం తీరే వేరు. ఇది జనం చూడటానికి మాత్రమే కట్టింది కాదు, పాఠాలు చెప్పడానికీ పరిశోధనకీ కట్టింది. మనకి కనిపించేది కొంచెమే, లోపల గదుల్లో డెబ్భై లక్షలకి పైగా నమూనాలున్నాయి. ఇక్కడ అన్నీ చూడాలని పరిగెత్తడం కంటే ఐదారు చోట్ల ఆగి, ఒక్కోదాని దగ్గర పది పదిహేను నిమిషాలు గడపడమే సరైన పద్ధతి అని నా గట్టి నమ్మకం. ఈ గైడ్ అంతా ఆ లెక్కలోనే రాశాను. మాస్టర్స్‌కి వచ్చిన విద్యార్థులకీ, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలని తిప్పి చూపించేవాళ్ళకీ, పిల్లలున్నవాళ్ళకీ పనికొస్తుంది.

1. ఏ రోజు, ఏ టైముకి వెళ్ళాలి

రోజూ ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు తెరిచి ఉంటుంది, ప్రవేశం ఉచితం. విడిగా వెళ్ళేవాళ్ళు బుక్ చేసుకోనక్కర్లేదు, పెద్ద గుంపుగా వెళ్తే మాత్రం ముందే చెప్పాలి. క్రిస్మస్ రోజుల్లో మూసేస్తారు కాబట్టి ఆ వారంలో వెళ్ళేట్టయితే వాళ్ళ వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి.

స్కూళ్ళు నడిచే రోజుల్లో పొద్దున్నంతా టీచర్లతో వచ్చిన చిన్నపిల్లల గుంపులు ఉంటాయి, మధ్యాహ్నం రెండున్నర దాటాక ఖాళీ అవుతుంది. స్కూళ్ళకి హాఫ్ టర్మ్ సెలవులు ఇచ్చిన వారంలో, వాన పడే శనాదివారాల్లో బాగా రద్దీ. ఇంకో సంగతి కూడా ఆలోచించండి: హాలు మొత్తం గాజు పైకప్పు కింద ఉంది, వెలుతురంతా పైనుంచే వస్తుంది. డిసెంబర్, జనవరిల్లో నాలుగింటికే పొద్దుపోతుంది కాబట్టి చలికాలంలో వెళ్తే పన్నెండు, ఒంటిగంట మధ్యలో లోపల ఉండేలా ప్లాన్ చేసుకోండి. ఎండాకాలం ఎప్పుడైనా ఫరవాలేదు. చలికాలం కోటు విప్పకుండా తిరగడమే మంచిది, ముఖ్యంగా పెద్దవాళ్ళు.

మీ వీలు చూసుకుని వెళ్తున్నట్టయితే సోమవారం వద్దు. ఈ మ్యూజియం వెనకే పిట్ రివర్స్ మ్యూజియం ఉంది, రకరకాల దేశాల ప్రజలు వాడిన వస్తువుల మ్యూజియం అది, దానికి దారి ఇందులోనుంచే. అది సోమవారాల్లో మధ్యాహ్నం 12కి గానీ తెరవరు.

2. చేరుకోవడం

లండన్ పాడింగ్టన్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కి రైల్లో గంట. మేరిల్‌బోన్ నుంచి కూడా రైళ్ళున్నాయి, కొంచెం ఎక్కువసేపు పడుతుంది. టికెట్ ముందే తీసుకుని, మీకు వర్తించే రైల్‌కార్డ్ ఉంటే వాడుకోండి, మూడో వంతు తగ్గుతుంది. లండన్ విక్టోరియా నుంచి ఆక్స్‌ఫర్డ్ ట్యూబ్ అనే కోచ్ ఉంది, పేరులో ట్యూబ్ ఉన్నా అది బస్సే, చవక, కానీ ట్రాఫిక్‌ని బట్టి ఆలస్యం కావొచ్చు.

స్టేషన్ నుంచి మ్యూజియానికి నడక ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. మ్యూజియం ఉన్నది పార్క్స్ రోడ్ మీద. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు తోడుంటే బస్సో టాక్సీయో చూసుకోండి, లోపల మళ్ళీ రెండు మూడు గంటలు నిలబడాలి కదా. కారులో మాత్రం రావద్దు. మ్యూజియం దగ్గర మామూలు పార్కింగ్ లేదు, ఊళ్ళో దొరికినా జేబు ఖాళీ అవుతుంది. ఊరి చివర పార్క్ అండ్ రైడ్‌లో కారు పెట్టి బస్సెక్కడమే తెలివైన పని.

3. లోపలికి వెళ్ళకముందు బయట పావుగంట

అందరూ నేరుగా తలుపు వైపు నడిచేస్తారు. మీరు ముందున్న పచ్చిక దగ్గర ఆగండి. అక్కడ డైనోసార్ అడుగుల అచ్చులు వరసగా కనిపిస్తాయి, ఒక మెగలోసారస్ నడిచి వెళ్ళిన దారి అది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోనే ఆర్డ్‌లీ అనే చోట సున్నపురాయి క్వారీలో 1997లో బయటపడిన అసలు జాడలనుంచి తీసిన అచ్చులు. పిల్లలుంటే ఆ అడుగుల పక్కన నడిపించి, ఒక్క అంగకి వాళ్ళవి ఎన్ని అంగలు పడుతున్నాయో లెక్కపెట్టమనండి. లోపల చూసే ఎముకలు ఒకప్పుడు కదిలిన జంతువువి అన్న సంగతి మనసుకి ఎక్కేది ఇక్కడే. ఇదే జిల్లాలో 2024లో ఇంకో క్వారీలో సుమారు రెండు వందల అడుగులు బయటపడ్డాయి. అవి సుమారు 16 కోట్ల 60 లక్షల ఏళ్ళనాటివి, అందులో ఒక వరస 150 మీటర్లకి పైగా ఉంది.

తర్వాత గుమ్మం చుట్టూ ఉన్న రాతి చెక్కడాలు చూడండి. కొంత చెక్కి కొంత వదిలేసినట్టు ఉంటాయి, నిజంగానే పని పూర్తి కాలేదు. ఐర్లండ్ నుంచి వచ్చిన ఓ'షే సోదరులు ఈ భవనంలో చెక్కడాలు చేశారు. యూనివర్సిటీతో గొడవ వచ్చి, పెద్దలని వెక్కిరిస్తూ చిలకలనీ గుడ్లగూబలనీ చెక్కారని, వాటి తలలు తీసేయమన్నారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. కథ ఎంతవరకు నిజమైనా, డబ్బు అయిపోయి పని ఆగిపోవడం మాత్రం నిజం. తలుపు దాటకముందే ఆ అసంపూర్తి రాళ్ళు చూసుకుంటే లోపల పూర్తయిన చెక్కడాల విలువ బాగా తెలుస్తుంది.

బయటే ఇంకో రాతి స్తంభం ఉంది, 1860 నాటి వాదనకి గుర్తుగా పెట్టింది. డార్విన్ పరిణామ సిద్ధాంతం పుస్తకం వచ్చి ఏడు నెలలు, మ్యూజియం అప్పుడే తెరుచుకుంటోంది. 1860 జూన్ 30న బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్రవేత్తల సంఘం సభలో ఆక్స్‌ఫర్డ్ బిషప్ శామ్యూల్ విల్బర్‌ఫోర్స్, డార్విన్ తరఫున థామస్ హక్స్‌లీ ఇక్కడ తలపడ్డారు. డార్విన్ రాలేదు, ఒంట్లో బాగాలేదు. ఎవరు ఏ మాట అన్నారో అక్షరం పొల్లుపోకుండా రాసిపెట్టిన రికార్డు లేదు కాబట్టి, 'నువ్వు కోతికి పుట్టింది తాత వైపునుంచా, నానమ్మ వైపునుంచా' అని బిషప్ హక్స్‌లీని అడిగాడంటూ ఇంటర్నెట్‌లో తిరిగే డైలాగుని యథాతథంగా నమ్మకండి.

4. లోపల అడుగుపెట్టగానే అద్దాల పెట్టెల వైపు వెళ్ళకండి

ముందు తలెత్తండి. ఈ భవనం ఇక్కడున్న అన్నిటికంటే పెద్ద ప్రదర్శన. దీన్ని రాసుకునే ఓపిక నాకుంది, చదివే ఓపిక మీకూ ఉండాలని కోరుకుంటాను, ఎందుకంటే ఇది తెలియకుండా చూసినవాళ్ళకి ఇదొక అందమైన పాత రైల్వే స్టేషన్‌లా మాత్రమే కనిపిస్తుంది.

1850ల్లో ఆక్స్‌ఫర్డ్‌లో శాస్త్రాలకి సరైన చోటు లేదు. గ్రీకు, లాటిన్, మతం చదువులదే పైచేయి. హెన్రీ ఆక్లాండ్ అనే వైద్యుడు ఏళ్ళ తరబడి పట్టుబట్టి, ఖగోళం, రసాయనం, భూగర్భం, జంతుశాస్త్రం అన్నీ ఒక్క కప్పు కింద ఉండే భవనం కావాలని యూనివర్సిటీని ఒప్పించాడు. డబ్బు ఎక్కడిదంటే, యూనివర్సిటీ ప్రెస్ బైబిళ్ళు అమ్మగా మిగిలిన లాభం నుంచి. దేవుడి సృష్టిని అర్థం చేసుకోవడం కూడా భక్తే అన్నది అప్పటి వాదన. ఆ డబ్బుతో కట్టిన భవనంలోనే, తెరిచిన ఏడాదే, ఆ నమ్మకాన్ని కుదిపేసిన చర్చ జరిగింది. 1855లో శంకుస్థాపన, 1860లో ప్రారంభం. డీన్, వుడ్‌వార్డ్ అనే ఐరిష్ వాస్తుశిల్పులు కట్టారు, కళావిమర్శకుడు జాన్ రస్కిన్ ఆలోచనల ప్రభావం అడుగడుగునా కనిపిస్తుంది.

ఇప్పుడు హాలు చుట్టూ ఉన్న రాతి స్తంభాల దగ్గరికి వెళ్ళండి. ఒక్కో స్తంభం ఒక్కో రకం రాయి, అన్నీ బ్రిటన్, ఐర్లండ్ ప్రాంతాలవే. ఏ రాయి, ఏ ఊరిదో స్తంభం అడుగున చెక్కి ఉంటుంది, వంగి చదవండి. ఈ రాళ్ళని ఎంపిక చేసింది మ్యూజియం తొలి కీపర్, అంటే దాన్ని నడిపే అధికారి, భూగర్భ శాస్త్రవేత్త జాన్ ఫిలిప్స్. 1815లో ఇంగ్లండ్, వేల్స్ భూగర్భ పటం మొట్టమొదట గీసిన విలియం స్మిత్‌కి ఈయన స్వయానా మేనల్లుడు. విద్యార్థి ఈ వరండాలో ఒక చుట్టు నడిస్తే దేశం రాళ్ళన్నీ చూసినట్టే ఉండాలని కట్టించాడు. పాఠ్యపుస్తకాన్నే గోడలుగా నిలబెట్టారు.

స్తంభాల తలల మీద చెక్కిన ఆకులు, పూలు కూడా ఊహించి చెక్కినవి కావు. బొటానిక్ గార్డెన్ నుంచి రోజూ తాజా మొక్కలు తెప్పించుకుని, వాటిని ఎదురుగా పెట్టుకుని చెక్కారు. ఫెర్నులు, లిల్లీలు, తాటిజాతి ఆకులు ఒక్కో స్తంభానికి ఒక్కో కుటుంబం. వాటి మధ్యలో కప్పలు, పక్షులు దాక్కుని ఉంటాయి. మన గుళ్ళలో స్తంభాల చెక్కడాలు చూసే అలవాటున్న అమ్మానాన్నలకి ఇది చూపించండి, నాకు తెలిసి డైనోసార్ల కంటే ఎక్కువసేపు వాళ్ళు ఇక్కడే నిలబడతారు.

పైకప్పుది ఇంకో కథ. మొదట చేత ఇనుముతో కట్టిన చట్రం గాజు బరువు మోయలేకపోయింది, విప్పేసి పోత ఇనుము స్తంభాలతో మళ్ళీ కట్టారు. ఆ ఇనుప స్తంభాల పైభాగాన కూడా ఆకులే. 2013లో మ్యూజియం మొత్తం మూసి, ఎనిమిదిన్నర వేల గాజు పలకలని ఒక్కొక్కటిగా విప్పి కడిగి, లీకులు లేకుండా బిగించారు. ఎండ రోజున ఇప్పుడు లోపల పడే వెలుగు చూస్తే ఆ శ్రమ ఎందుకో అర్థమవుతుంది.

ఈ భవనంలో జరిగిన పనుల గురించి ఇంకా రెండు మాటలు. 1894లో ఆలివర్ లాడ్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఇక్కడి లెక్చర్ థియేటర్లో తీగ లేకుండా సంకేతాలు పంపి జనానికి చూపించాడు. పెనిసిలిన్ నిర్మాణాన్ని తేల్చిన, 1964లో నోబెల్ అందుకున్న డొరొతీ హాడ్జ్‌కిన్ లాబ్ చాలా ఏళ్ళు ఈ భవనంలోనే ఉండేది. హాలు చుట్టూ నిలబడ్డ అరిస్టాటిల్, గెలీలియో, న్యూటన్, డార్విన్ విగ్రహాలకి మగవాళ్ళ పేర్లే కనిపిస్తాయి, కాబట్టి ఆడపిల్లలున్నవాళ్ళు హాడ్జ్‌కిన్ పేరు వాళ్ళకి తప్పకుండా చెప్పండి.

5. టి. రెక్స్ కంటే ముందు ఆ చిన్న దవడ

హాలు మధ్యలో నిలబడ్డ టి. రెక్స్, ఇగ్వానోడాన్ అస్థిపంజరాలు అచ్చులు. అమెరికాలో, బెల్జియంలో దొరికిన అసలు ఎముకలకి నకళ్ళు. బాగుంటాయి, ఫోటో దిగండి, తప్పులేదు. కానీ ఈ మ్యూజియానికి వచ్చి మెగలోసారస్ దవడ చూడకుండా వెళ్ళడం అన్యాయం.

కింది దవడ ముక్క అది, పళ్ళు వంకీ తిరిగి కత్తి అంచుల్లా ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్‌కి కొద్ది దూరంలో స్టోన్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఇళ్ళ కప్పులకి పలక రాళ్ళు తవ్వేవాళ్ళు, ఆ గనుల్లో దొరికింది. యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పే విలియం బక్‌లాండ్ 1824 ఫిబ్రవరిలో లండన్ జియలాజికల్ సొసైటీలో దీని గురించి చెప్పి మెగలోసారస్ అని పేరు పెట్టాడు. అప్పటికి డైనోసార్ అన్న మాటే లేదు. ఆ మాట 1842లో రిచర్డ్ ఓవెన్ పెట్టాడు, దానికి ఆధారం చేసుకున్న మూడు జంతువుల్లో ఇదొకటి.

దగ్గరికి వెళ్ళి పళ్ళ కుదుళ్ళు చూడండి. పెరిగిన పన్ను పక్కన కొత్త పళ్ళు తొంగి చూస్తుంటాయి. ఊడిపోయిన పన్ను చోట మళ్ళీ మళ్ళీ కొత్తది రావడం సరీసృపాల లక్షణం. బక్‌లాండ్ అందుకే దీన్ని బల్లి జాతిదిగా గుర్తుపట్టాడు. నలభై అడుగుల పైచిలుకు పొడవుతో, ఏనుగంత ఎత్తుతో నాలుగు కాళ్ళ మీద నడిచే రాక్షసబల్లి అనుకున్నాడు. రెండు కాళ్ళ మీద నడిచేదని తర్వాత తేలింది. బయట పచ్చికలో చూసిన అడుగులు గుర్తు తెచ్చుకోండి, రెండు కాళ్ళవే కదా అవి.

ఇక్కడే పిల్లలకి, మనకి కూడా, ఒక మంచి అలవాటు నేర్పించుకోవచ్చు. ప్రతి లేబుల్ మీద రెండు విషయాలు వెతకండి: ఇది అసలుదా, అచ్చా? ఎక్కడ దొరికింది? ఆ రెండూ తెలిస్తే వస్తువు గురించి సగం తెలిసినట్టే. ఇంకొంచెం లోతుకి వెళ్ళాలంటే "టైప్ నమూనా" అన్న మాట వెతకండి. ఒక జీవజాతికి పేరు పెట్టినప్పుడు ఆ పేరు ఏ ఒక్క నమూనాకి కట్టుబడి ఉంటుందో అది టైప్. రేపు ఎవరికైనా కొత్త ఎముక దొరికి, ఇది మెగలోసారస్సా కాదా అని సందేహం వస్తే చివరికి పోల్చి చూడాల్సింది ఈ దవడతోనే. యూనివర్సిటీ మ్యూజియాలకి ప్రపంచం నలుమూలల నుంచి పరిశోధకులు రావడానికి అసలు కారణం ఇదే.

6. డోడో దగ్గర పదిహేను నిమిషాలు

డోడో పెట్టెలో మీకు బొమ్మ, అస్థిపంజరం, తల అచ్చు కనిపిస్తాయి. అసలు తల, పాదం లోపల భద్రపరిచి ఉంచారు, పరిశోధకులకి మాత్రమే చూపిస్తారు. నిరాశపడకండి, దాని చరిత్ర తెలిస్తే అచ్చు చూసినా ఒళ్ళు జలదరిస్తుంది.

డోడో మారిషస్ పక్షి. ఎగరలేదు, మనుషుల భయం తెలియదు. డచ్ నావికులు 1598లో దిగాక, వాళ్ళతో పాటు ఎలకలు, పందులు, కోతులు దీవిలోకి వచ్చాక, వంద ఏళ్ళు కూడా బతకలేదు. అందరూ ఒప్పుకునే చివరి చూపు 1662లో. ఆక్స్‌ఫర్డ్ డోడో మొదట లండన్‌లో ట్రడెస్కాంట్ కుటుంబం సేకరణలో ఉండేది, అక్కడి నుంచి ఇలియాస్ ఆష్‌మోల్ అనే సేకరణకర్త ద్వారా ఆక్స్‌ఫర్డ్ చేరింది. కాలక్రమంలో పక్షి పాడైపోయింది, తల, ఒక పాదం మిగిలాయి. ఎముకలు వేరే మ్యూజియాల్లోనూ ఉన్నాయి గానీ చర్మం, కండ మిగిలింది ఈ ఒక్క డోడోకే.

దాని వల్ల జరిగిన మేలు చూడండి. ఈ నమూనా నుంచి తీసిన డీఎన్ఏతో 2002లో రూఢి అయింది డోడో పావురం జాతిదని, బతికున్నవాటిలో దానికి బాగా దగ్గరి చుట్టం నికోబార్ పావురమని. అవును, మన అండమాన్ నికోబార్ దీవుల్లో ఉండే, పచ్చలు పొదిగినట్టు మెరిసే పావురమే. తర్వాత 2018లో తలని స్కాన్ చేస్తే పుర్రెలో సన్నటి సీసపు గుళ్ళు కనిపించాయి. వెనకనుంచి ఎవరో కాల్చారు. లండన్‌లో డబ్బులు తీసుకుని జనానికి చూపించిన బతికున్న డోడో ఇదేననీ, అది మామూలుగా చచ్చిపోయాక భద్రపరిచారనీ అంతకుముందు అనుకునేవాళ్ళు. ఆ కథ ఒక్క స్కాన్‌తో తలకిందులైంది. మూడు వందల ఏళ్ళకి పైగా దాచిన వస్తువు ఇంకా కొత్త సంగతులు చెబుతోందంటే, పాడైపోయిన పాత నమూనాలని కూడా ఎందుకు పారేయకూడదో వేరే చెప్పక్కర్లేదు.

మారిషస్ అనగానే మనకి ఇంకో సంబంధం గుర్తు రావాలి. 19వ శతాబ్దంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి అక్కడి చెరకు తోటల్లో పనికి వెళ్ళిన తెలుగువాళ్ళ వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు, ఉగాదికి అక్కడ సెలవు కూడా ఉంది. వాళ్ళ తాతముత్తాతలు దిగేనాటికి డోడో పోయి నూట యాభై ఏళ్ళు దాటింది. ఆ దీవి తెలుగువాళ్ళెవరూ ఆ పక్షిని చూడలేదు.

7. ఎర్ర మట్టి పూసిన ఎముకలు

పావిలాండ్ "రెడ్ లేడీ" దగ్గర గొంతు తగ్గించి మాట్లాడండి, పిల్లలకి కూడా చెప్పండి, ఎందుకంటే అది ఒక మనిషి సమాధి. 1823లో వేల్స్ సముద్రతీరంలో ఒక గుహలో మెగలోసారస్ బక్‌లాండే దీన్ని తవ్వి తీశాడు. ఎముకలకి ఎర్ర కావిరంగు అంటి ఉంది, పక్కన గవ్వలు, దంతపు కడ్డీలు ఉన్నాయి. రోమన్ల కాలం నాటి ఆడమనిషి అని రాశాడు. రెండూ తప్పే. అది ఒక యువకుడిది, సుమారు 33,000 ఏళ్ళ కిందటిది. బైబిల్లో చెప్పిన ప్రళయానికి ముందు ఇక్కడ మనుషులు ఉండరన్న నమ్మకంతో చూశాడు కాబట్టి కళ్ళెదుట ఉన్న పాతదనం ఆయనకి కనపడలేదు. దవడని అంత చక్కగా గుర్తుపట్టిన మనిషే దీన్ని ఇంత తప్పుగా చదివాడన్నది నాకు ఈ మ్యూజియంలో అన్నిటికంటే ఆలోచింపజేసే విషయం. అందుకే ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూడమంటున్నాను.

8. పిల్లలు, పై అంతస్తు

కొన్ని నమూనాల దగ్గర ముట్టుకోవచ్చని రాసి ఉంటుంది. వాటిలో ఇనుప ఉల్క ఉంది, చేత్తో తాకితే చల్లగా తగులుతుంది, రాయి కాదు లోహం అని వెంటనే తెలుస్తుంది. మిగిలినవి ముట్టుకోవద్దు. పిల్లలకి ఒక నోటుపుస్తకం, పెన్సిల్ ఇచ్చి ఏదైనా ఒక్క అస్థిపంజరం గీయమనండి. బొమ్మ బాగా రావడం ముఖ్యం కాదు. గీయడానికి కూర్చుంటే ఏనుగు పుర్రె మధ్యలో పెద్ద కంత కన్ను కాదనీ, అది తొండానికి సంబంధించిన ముక్కు రంధ్రమనీ వాళ్ళే కనిపెడతారు. ఫోటోలు తీసుకోవచ్చు, ఫ్లాష్ ఆపేయండి.

పై అంతస్తుకి మెట్లూ ఉన్నాయి, లిఫ్టూ ఉంది. పురుగుల విభాగం పైనే, తేనెటీగల పట్టు కూడా ఉంటుంది. అక్కడి నుంచి కింద హాలంతా ఒక్కసారిగా కనిపిస్తుంది, కుటుంబంతో ఫోటోకి సరైన చోటు అదే. మీరు మే నుంచి ఆగస్టు మొదటి వారాల లోపు వెళ్తే స్విఫ్ట్ పిట్టల గురించి అడగండి. ఈ భవనం గోపురంలో గాలి కంతల్లో అవి ఏటా గూళ్ళు పెడతాయి, ఆఫ్రికా నుంచి వచ్చి పిల్లలని పెంచుకుని తిరిగి వెళ్ళిపోతాయి. పక్షి శాస్త్రవేత్త డేవిడ్ లాక్ 1948లో మొదలుపెట్టిన ఆ పిట్టల పరిశీలన నేటికీ ఆగలేదు. గూళ్ళలో కెమెరాలు పెట్టారు, వెబ్‌సైట్‌లో ఇంటినుంచి కూడా చూడొచ్చు.

9. పిట్ రివర్స్‌కి వెళ్ళాలా?

వెళ్ళండి, కానీ మధ్యలో విరామం తీసుకుని వెళ్ళండి. హాలు వెనక గోడలో తలుపు ఉంది, దాటగానే వేరే లోకం, వెలుతురు తక్కువ, పెట్టెలు కిక్కిరిసి ఉంటాయి. 1884లో జనరల్ పిట్-రివర్స్ ఇచ్చిన సేకరణతో మొదలైంది. వస్తువుల్ని దేశాల వారీగా కాకుండా రకాల వారీగా పెట్టారు: తాళాలన్నీ ఒకచోట, సంగీత వాద్యాలన్నీ ఒకచోట, పడవలన్నీ ఒకచోట.

వలస పాలనలో ఇవన్నీ ఎలా చేరాయన్న ప్రశ్న ఇక్కడ తప్పించుకోలేరు, తప్పించుకోకూడదు కూడా. నాగా ప్రజల వస్తువులు ఇక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. 2020లో మ్యూజియం మనుషుల అవశేషాలని ప్రదర్శన నుంచి తీసేసింది, నాగా పెద్దలతో వాళ్ళ పూర్వీకుల అవశేషాలు తిరిగి ఇచ్చే విషయం మీద మాటలు జరుగుతున్నాయి. ఈ గది చూసేటప్పుడు లేబుల్ మీద "ఎవరు చేశారు" ఉందా, "ఎవరు తెచ్చారు" మాత్రమే ఉందా అని గమనించండి.

10. తిండి, కూర్చోవడం, ఖర్చు

లోపల కేఫ్ ఉంది, టీ, కేక్ లాంటివాటికి సరిపోతుంది. ఇంటినుంచి పులిహోరో, చపాతీలో డబ్బాలో తెచ్చుకుంటే ముందున్న పచ్చిక మీద గానీ, పక్కనే ఉన్న యూనివర్సిటీ పార్క్స్‌లో గానీ తినొచ్చు, హాల్లో తినకండి. బయట భోజనం కావాలంటే పావుగంట నడిస్తే కవర్డ్ మార్కెట్ వస్తుంది, 1774 నుంచి నడుస్తున్న పాత బజారు, శాకాహారం దొరుకుతుంది. పెద్ద సూట్‌కేసులతో రావద్దు. ఉచితం కాబట్టి బయటికి వచ్చేటప్పుడు విరాళాల పెట్టెలో మీకు తోచింది వేయండి, ఆ గాజు పైకప్పు శుభ్రంగా ఉండటానికి అది అవసరం.

మ్యూజియానికి రెండున్నర గంటలు, మధ్యలో భోజనానికి ఒక గంట, పిట్ రివర్స్‌కి గంటన్నర. పొద్దున్న పదిన్నరకి మొదలుపెడితే మూడున్నరకి అయిపోతుంది. కాలేజీలు సాయంత్రం చూసుకోవచ్చు.

11. మళ్ళీ ఇండియా వెళ్ళినప్పుడు

మెగలోసారస్ దవడ చూసినవాళ్ళు తర్వాత చూడాల్సింది మన గోదావరి డైనోసార్లని. ప్రాణహిత, గోదావరి లోయలో జురాసిక్ కాలపు రాళ్ళున్నాయి. పాత ఆదిలాబాద్ జిల్లాలో పోచంపల్లి దగ్గర ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తవ్వి తీసిన బరపాసారస్ అస్థిపంజరం కోల్‌కతాలో ఆ సంస్థ జియాలజీ మ్యూజియంలో నిలబెట్టారు. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సమయంలో తవ్వారు కాబట్టి శాస్త్రీయ నామంలో ఠాగూర్ పేరు కలిపారు, 1975లో ప్రకటించారు. అది కూడా చదువులు, పరిశోధన జరిగే చోటే, కాబట్టి ముందే అడిగి అనుమతి తీసుకుని వెళ్ళండి.

అంత దూరం వెళ్ళలేకపోతే హైదరాబాద్ చాలు. తెలంగాణలోనే యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్ళకి దొరికిన కోటాసారస్ ఎముకలతో కట్టిన అస్థిపంజరం బి.ఎం. బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. దీనికి ఆ పేరు 1988లో యాదగిరి అనే శాస్త్రవేత్త పెట్టారు. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు అక్కడ కలిసిపోయి దొరికాయి, కాబట్టి మీరు చూసే అస్థిపంజరం ఒకే జంతువుది కాదు, పలు జంతువుల ఎముకలు కలిపి నిలబెట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో అడిగిన రెండు ప్రశ్నలే ఇక్కడా అడగండి, అసలుదా అచ్చా, ఎక్కడ దొరికింది. ఈసారి రెండో ప్రశ్నకి జవాబు మన ఊళ్ళ పేర్లే.